పిస్టల్ చివర కొనండి

పాయింట్ టూ టూ టార్గెట్ పిస్టల్ కొనాలనుకునేవాళ్లు మొదట మోడల్ వెతుకుతారు. తర్వాత ధర. ఆ తర్వాత లైసెన్సు ఎట్లా వస్తుందని నలుగురిని అడుగుతారు. అన్నీ అయ్యాక గానీ దాన్ని ఎక్కడ కాల్చాలన్న ఆలోచన రాదు. ఈ వరసను మొత్తం తిరగేయండి. ముందు కాల్చే చోటు, ఆ తర్వాత చెయ్యి, ఆ తర్వాత కాగితాలు, అన్నిటికంటే చివర పిస్టల్. కొనకుండా ఎన్నాళ్లు గడపగలిగితే అన్నాళ్లు గడపండి. తుపాకులు అమ్మేవాళ్లకు ఇది తలకిందుల సలహా. పిల్లవాడి ఉత్సాహం చూసి ముచ్చటపడే మేనమామకూ అంతే. అయినా చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ముఖ్యంగా మా కాణిపాకం వైపు నుంచి ఈ ఆటలోకి రావాలనుకునేవాళ్లకు ఇంతకంటే మేలైన సలహా నా దగ్గర లేదు.

కోరిక ఎందుకు పుడుతోందో తెలుసు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది, 25 మీటర్ల పిస్టల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అదే 25 మీటర్ల పోటీలో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా దిగింది. అంతకు ముందు ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ విభాగంలోనే ఈషా జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది. గుంటూరు కుర్రవాడు ముకేశ్ నేలవల్లి 2024లో లీమాలో జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం కొట్టాడు. ఇవన్నీ టీవీలో చూసిన ఇంట్లో, మామిడికి రేటు పలికిన ఏడాది, పిస్టల్ మాట రాకుండా ఉండదు. రానివ్వండి, మాట మంచిదే. తొందరే చేటు.

లాభనష్టాల కాగితాన్ని గుడికి తీసుకెళ్లండి

ఏది కొనాలన్నా లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క రాసి తూచుకోమంటారు. తుపాకి విషయంలో ఆ కాగితాన్ని నేను నమ్మను. కొనాలని మనసులో తేల్చేసుకున్నవాడు లాభాల వైపు పది రాస్తాడు, నష్టాల వైపు "ఖర్చు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. ఏకాగ్రత పెరుగుతుంది, స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుంది, ఊళ్లో పేరు వస్తుంది, రేపు అవసరమైతే ఇంటికి రక్షణగానూ ఉంటుంది. ఈ చివరి మాట దగ్గర ఆగాలి.

మా వైపు బాకీ ఎగ్గొట్టినవాణ్ని, పొలం గట్టు జరిపినవాణ్ని పెద్దమనుషుల ముందు నిలబెట్టి "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడుగుతారు. కోనేట్లో మునిగి వచ్చి వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధమాడే ధైర్యం చాలామందికి రాదు. తాగుడు మానతానని అక్కడ మాటిచ్చి మానేసినవాళ్లూ ఉన్నారు. తుపాకి కొనేవాళ్లు ఆ పని ఎందుకు చేయకూడదు? కాగితం జేబులో పెట్టుకొని వెళ్లండి. స్వామి ఎదుట ఒక్కొక్క లాభాన్నీ చదవండి. "నిజంగా ఇందుకే కొంటున్నాను" అని అనలేని ప్రతిదాన్నీ బయటికొచ్చి కొట్టేయండి. 25 మీటర్ల అవతల ఉన్న ఐదు సెంటీమీటర్ల పది వలయంలో గుండు వెంట గుండు పడాలన్న కోరిక ఒక్కటి మిగిలినా చాలు, ముందుకు పోవచ్చు. అది కొట్టేసి పేరు, రక్షణ, దర్జా మిగిలితే మాత్రం ఆ డబ్బుతో తోటకు డ్రిప్పు వేయించండి. దేవుణ్ని నమ్మనివాళ్లు ఇదే కాగితాన్ని అమ్మ ముందు చదవాలి. అమ్మ ముందు కూడా దర్జా అన్న మాట నోట రాదు.

రక్షణ మాట ఎందుకు చెల్లదో వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్లు దాన్నే పట్టుకుంటారు. టార్గెట్ పిస్టల్‌ను గుండ్లు తీసి, తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. గుండ్లు వేరే చోట. అట్లా పెట్టినదాన్ని అర్ధరాత్రి తీసి దొంగ మీదికి ఎత్తేలోపు దొంగ చిత్తూరు దాటిపోతాడు. అట్లా పెట్టకపోతే ఇంట్లో పిల్లలున్నారు. ఈ రెండింటి మధ్య మూడో దారి లేదు. రక్షణ కోసమే తుపాకి కావాలనుకునేవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపేయవచ్చు.

"పందుల మీదికైనా పనికొస్తుందా అప్పా?" అని అడిగేవాళ్లుంటారు. ఒక్క రాత్రిలో వేరుశనగ చేను తవ్వి పోయిన అడవిపందులను చూసినవాళ్లు అడగడంలో తప్పు లేదు. పనికిరాదు. గుండు తగిలినా పంది పడిపోదు, గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి నరకం పడుతుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా వేటాడటం నేరం. పంట కాపలాకు చట్టంలో వేరే దారి ఉంది, ఆ లైసెన్సు వేరు, ఆ తుపాకి వేరు.

బలం లేకపోవడమే దీని గొప్ప

"కొంటే పెద్దదే కొనాలి, పాయింట్ టూ టూ పిల్లల ఆట" అని చెప్పేవాళ్ల మాట వినకండి. నేను దీన్ని మెచ్చుకునేది సరిగ్గా అందుకే.

పాయింట్ టూ టూది రిమ్‌ఫైర్ తూటా. అందులో మంట రగిలించే మందు అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకొని ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచును నలగ్గొట్టగానే మందు అంటుకుంటుంది. పెద్ద తూటాల్లో ఆ మందు అడుగు నడిమధ్య ఒక చిన్న మూతలో ఉంటుంది. అంచు నలగాలంటే ఇత్తడి పలచగా ఉండాలి. పలచగా ఉంటే లోపలి ఒత్తిడి ఎక్కువ తట్టుకోదు. అందుకే ఈ తూటా ఎప్పటికీ చిన్నదిగానే ఉండిపోయింది. ఈనాడు లోకమంతా కాల్చే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. సీసపు గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త పైన. ధ్వని వేగం దాటనివ్వని మ్యాచ్ తూటాలు సెకనుకు మూడు వందల పైచిలుకు మీటర్ల వేగంతో పోతాయి. చేతికి వచ్చే అదురు తక్కువ, చప్పుడు తక్కువ, పెద్ద తూటాల ఖర్చులో కొంత భాగమే దీనికి.

అదురు తక్కువ కావడం వల్ల జరిగే మేలు ఒకటుంది. పెద్ద పిస్టల్ కాల్చేవాడికి గురి తప్పితే "అదురు వల్ల పోయింది" అనే సాకు దొరుకుతుంది. ఇక్కడ ఆ సాకు లేదు. గుండు ఎడమకు పోయిందంటే వేలు పక్కకు లాగిందని అర్థం, కిందికి పోయిందంటే పేలకముందే మణికట్టు వంగిందని అర్థం. తప్పు ఎవరిదో వెంటనే తెలిసే ఆయుధం ఇది.

లోపాలూ ఉన్నాయి, దాచను. అంచులో మందు అన్ని వైపులా సమానంగా పరుచుకోకపోతే పిన్ను ఖాళీ చోట పడి తూటా పేలదు. ఒకసారి పేలిన గొట్టాన్ని మళ్లీ నింపుకోవడానికి వీల్లేదు. లోపల తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే కొన్ని పిస్టళ్లలో పిన్ను నేరుగా చాంబర్ అంచుకు తగిలి గంటు పడుతుంది. అందువల్ల మీ మోడల్‌కు డ్రై ఫైరింగ్ వీలుందో లేదో కంపెనీ పుస్తకం చూసి తెలుసుకోవాలి. వీల్లేకపోతే డమ్మీ తూటాలు వాడాలి.

పేలని తూటాలను అందరూ తిట్టుకుంటారు. మీరు వాటిని ప్రేమించండి. ట్రిగ్గర్ నొక్కారు, పేలలేదు, పిస్టల్ మూతి మాత్రం ఠక్కున కిందికి వంగింది. పేలి ఉంటే ఆ వంపు అదురులో కలిసిపోయి కంటికి కనపడేది కాదు. ఏడాది పాటు కోచ్ చెప్పినా నమ్మని జబ్బు ఒక్క తూటా చూపించేసింది. స్నేహితుణ్ని మ్యాగజైన్ నింపమని, మధ్యలో మీకు తెలియకుండా ఒక డమ్మీ పెట్టమనండి. అయితే పేలని తూటాను వెంటనే బయటికి లాగకండి. మూతిని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటా అరుదే, ఆ అరుదు మీ చేతిలోనే జరగవచ్చు.

నష్టాల్లో మొదటిది దూరం

ఎవరూ కాగితం మీద రాయని నష్టం ఇది. కాణిపాకం నుంచి చెన్నైకి 160 కిలోమీటర్ల పైమాట. బెంగళూరుకు 180కి అటూ ఇటూ. హైదరాబాద్ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న రేంజ్ ఒక రాత్రి ప్రయాణం. ఇల్లు దాటి పిస్టల్‌తో 25 మీటర్లు సక్రమంగా కాల్చాలంటే రోజు పోతుంది. అంత పెద్ద రేంజ్ ఉన్న హైదరాబాద్‌లో పుట్టిన ఈషా సింగే శిక్షణ కోసం పుణెలో గగన్ నారంగ్ పెట్టిన అకాడమీకి వెళ్లి వచ్చేది. అలాంటప్పుడు ఇరాల మండలం కుర్రవాడి సంగతేమిటి?

కాబట్టి పిస్టల్ డబ్బు దాచుకోవడానికి ముందు బస్సు డబ్బు దాచుకోండి. చెన్నైకో బెంగళూరుకో వెళ్లి అక్కడి రైఫిల్ క్లబ్‌లో సభ్యత్వం గురించి అడగండి. క్లబ్ పిస్టల్‌తో కోచ్ పక్కన నిలబడి కాల్చండి. ఒక ఏడాది పాటు, వానకాలం, ఎండాకాలం, పెళ్లిళ్ల సీజన్, మామిడి కోతలు అన్నీ దాటుకొని, నెలకు రెండుసార్లయినా వెళ్లగలిగారా? వెళ్లగలిగితే మీది కోరిక. వెళ్లలేకపోతే అది టీవీ ముందు పుట్టిన ముచ్చట, అది తీరడానికి క్లబ్ పిస్టల్ చాలు.

లెక్క కూడా వేసుకోండి. పోటీలో కాల్చేది 60 గుండ్లు, అందులో 30 నిదానంగా, 30 వేగంగా. వారానికి రెండు రోజులు అంతమాత్రమే కాల్చినా ఏడాదికి 6,240. ఇందులో పోటీకి ముందు గురి సరిచూసుకునే గుండ్లు లేవు. పిస్టల్ ధర ఒకసారి కట్టేది, గుండ్ల ధర మీరు ఆడినన్నాళ్లూ కట్టేది. చాలా ఇళ్లలో మొదటి ఖర్చు మీద నెల రోజులు చర్చ జరుగుతుంది, రెండోదాని మీద అసలు జరగదు.

రేంజ్ దూరమని తోటలో డబ్బా నిలబెట్టి కాల్చుకుందామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. ఈ చిన్న గుండు కిలోమీటరున్నర దాకా పోగలదు. బాహుదా ఒడ్డున, ఏ దిక్కుకు తిరిగినా భక్తులో, కూలీలో, మేకలు కాసే పిల్లలో ఉండే నేల ఇది. మెత్తని సీసం రాతికి తగిలి ఎటు తిరుగుతుందో చెప్పలేం. వెనక మట్టి గోడ, రెండు పక్కలా అడ్డు, పిలిచి ఆపే అధికారి లేని చోటు రేంజ్ కాదు. సంబరాలకు గాల్లోకి కాల్చేవాళ్ల కోసం 2019లో చట్టమే మార్చారు. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మొదట గోడ, తర్వాత గాలి పిస్టల్

మను భాకర్ పారిస్‌లో గెలిచిన రెండు పతకాలూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌వి. ఈషా 2018లో, పదమూడేళ్ల వయసులో, జాతీయ చాంపియన్ అయింది కూడా ఎయిర్ పిస్టల్‌తోనే. మీ ఇంట్లో రిమ్‌ఫైర్ కోరిక పుట్టించిన పతకాల్లో కొన్నిటికి తూటాయే లేదు.

ఎయిర్ పిస్టల్‌కు 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు బలం ఉంటే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ బలం ఆరేడు జౌళ్లే. అర గ్రాము పెల్లెట్, పది మీటర్ల దూరం. పెద్ద హాలు ఉన్నా, వెనక గట్టి అడ్డు కట్టి తలుపులు మూసుకోగలిగిన షెడ్డు ఉన్నా చాలు. పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే కష్టం తగ్గలేదు, దూరం, లైసెన్సు, చప్పుడు తగ్గాయి. కాణిపాకం వాడికి ఇదే దారి. రిమ్‌ఫైర్ కొనాలనుకున్న డబ్బులో కొంతతో మంచి ఎయిర్ పిస్టల్ కొని రెండేళ్లు దానితో గడపమంటే "రెండుసార్లు కొనడం దండగ" అంటారు. దండగ కాదు. 25 మీటర్ల పిస్టల్ మొదటి సగం, నిదానంగా కాల్చే 30 గుండ్లు, ఎయిర్ పిస్టల్ నేర్పిన చేతితోనే కాలుస్తారు.

ఇంకా ముందుకు వెళ్లి చెబుతాను. ఎయిర్ పిస్టల్ కూడా కొనకముందు ఒక పని చేయండి. ఒంటి చేత్తో ఒక లీటరు నీళ్ల సీసా పట్టుకొని, చెయ్యి చాచి, తెల్లగోడ మీద ఒక చుక్క వైపు నిలపండి. పది పన్నెండు సెకన్లు నిలిపి దించండి, నిమిషం ఆగండి, మళ్లీ ఎత్తండి. పోటీ పిస్టళ్లు కిలో పైచిలుకు బరువుంటాయి, రెండో చెయ్యి సాయం పట్టడానికి నియమాలు ఒప్పుకోవు. చిత్తూరులో, తిరుపతిలో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లు ఇక్కడ పొరబడతారు. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో పడుకొని ఐదు గుండ్లు కాల్చి, అవి దగ్గరగా పడిన గ్రూపు చూసుకొని మురిసిపోయిన అనుభవం వాళ్లది. నేల ఆసరాగా పడుకోవడం వేరు, గాల్లో ఒంటి చెయ్యి వేరు. వినాయక చవితి నాడు మొదలుపెట్టి బ్రహ్మోత్సవాలు ముగిసే 21 రోజులూ ఈ గోడ సాధన తప్పకుండా చేయగలిగితే మీ భుజానికీ మీ మనసుకూ కూడా ఒక పరీక్ష అయినట్టు. చేయలేకపోతే మీకు ఒక్క రూపాయి నష్టం లేదు.

ఈ సాధన ఎందుకంటే, 25 మీటర్ల పిస్టల్‌లో ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 22 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ రెండింటి వరసలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చిందా, టార్గెట్ దగ్గర గుండు 11 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. చెయ్యి అల్లాడి టార్గెట్ మీద సైటు కొంచెం అటూ ఇటూ తిరగడం వల్ల పోయేది ఇంతకంటే చాలా తక్కువ. కొత్తవాళ్లు టార్గెట్ వంక చూస్తారు, సైటు మసకబారుతుంది, గుండు పోతుంది. టార్గెట్ మసకగా ఉండనివ్వండి. ముందు సైటు అంచు మాత్రం పదునుగా కనపడాలి. వినడానికి తిక్కగా ఉండే ఈ మాటను, గురి పెట్టినదాన్ని చూడొద్దనే మాటను, ప్రతి కోచ్ మొదటి రోజే చెబుతాడు. ఒంటబట్టడానికి ఏళ్లు పడుతుంది.

హంగేరీ సైనికుడు కారోలీ తకాచ్ కుడిచేతి షూటర్. 1938లో ఆ చేతిలోనే గ్రెనేడ్ పేలింది. ఎడమ చేతికి మళ్లీ ఓనమాల నుంచి నేర్పి 1948లో లండన్‌లో, 1952లో హెల్సింకీలో ర్యాపిడ్ ఫైర్ స్వర్ణాలు గెలిచాడు. ఆయన కొత్తగా సంపాదించుకున్నది చేతిని, పిస్టల్‌ను కాదు. గోడ ముందు విసుగొచ్చిన రోజు ఆయన్ని తలచుకోండి.

కాగితాల దగ్గర రైఫిల్‌కు ఉన్న మర్యాద పిస్టల్‌కు లేదు

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఒక సంగతి ఉంది, చాలామంది గమనించరు. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్‌లోనో సంఘంలోనో సభ్యుడు టార్గెట్ సాధన కోసం .22 రైఫిల్ అడిగితే, ఇతరత్రా అడ్డంకి లేనప్పుడు, అధికారి లైసెన్సు ఇవ్వాలని చట్టం పేరు పెట్టి చెప్పింది. పిస్టల్ పేరు అక్కడ లేదు. పిస్టల్ అడిగేవాడు ఎందుకు కావాలో సరైన కారణం చూపించి ఒప్పించాలి. జనం రైఫిల్‌ను పెద్దదిగా, పిస్టల్‌ను చిన్నదిగా చూస్తారు. చట్టం చూపు వేరు, జేబులో దాగేదాన్నే అది ఎక్కువ అనుమానిస్తుంది. అందులో న్యాయముంది.

ఆ కారణం మీ నోటి మాట కాకూడదు, మీ స్కోరు కావాలి. జిల్లా, రాష్ట్ర పోటీలు, ఆపైన జి.వి. మావలంకర్ పేరిట జరిగే పోటీలు, అక్కడి నుంచి జాతీయ పోటీలు. మావలంకర్ లోక్‌సభ తొలి స్పీకరు, 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. ఎయిర్ పిస్టల్‌తో ఈ మెట్లు ఎక్కినవాడు కలెక్టరేట్‌లో ఫైలు పెడితే ఆ ఫైలుకు వెన్నెముక ఉంటుంది. ఊరికే ఇష్టమని పెట్టినవాడి ఫైలు పోలీసు విచారణ దగ్గర, వైద్య పరీక్ష పత్రం దగ్గర, శిక్షణ సర్టిఫికెట్ దగ్గర ఆగి ఆగి అలసిపోతుంది. మామూలు లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. చిన్నవాళ్లు టార్గెట్ సాధన చేయడానికి వేరే నిబంధనలున్నాయి, పెద్దల పర్యవేక్షణలో. 2019 సవరణ తర్వాత మామూలు పౌరుడికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్సు ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి.

మన ఊరి నుంచి చెన్నైలోనో బెంగళూరులోనో రేంజ్‌కు పోవాలంటే రాష్ట్రం దాటాలి. లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమై ఉంటే రాష్ట్ర సరిహద్దు దాటిన తర్వాత మీరు నేరం చేస్తున్నట్టే. దేశమంతటా చెల్లే లైసెన్సు అడగండి, అందుకు కారణం రాతలో పెట్టండి. ఎన్నికలొచ్చినప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు. జాతీయ సంఘం సభ్యులైన క్రీడాకారులకు మినహాయింపు ఉంటుంది, కానీ అది అడిగి రాయించుకోవాలి. కోడ్ వచ్చిన మర్నాడు పరుగెత్తే కంటే ముందే కాగితాలు సిద్ధంగా ఉంచండి.

ఇక కొనక తప్పదంటే

ఇంత దూరం వచ్చినవాళ్లు కొనవచ్చు. 25 మీటర్ల పోటీకి పిస్టల్ బరువు 1,400 గ్రాములు దాటకూడదు, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు దాటకూడదు, ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాముల బరువును మోయాలి, మొత్తం పిస్టల్ 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పేరున్నవి ఇటలీ నుంచి పార్డీని, జర్మనీ నుంచి వాల్తర్, స్విట్జర్లాండ్ నుంచి మొరీని. ధర లక్షల్లో మాట. 1980ల నుంచి మామూలు పౌరులకు దిగుమతి దారి మూసుకుపోయింది, స్కోరు ఉన్న షూటర్లకే తలుపు తెరుస్తారు. పిన్నో స్ప్రింగో విరిగితే అదీ అక్కడి నుంచే రావాలి.

కొత్తది కొనొద్దని నా సలహా. ఆటలో పెద్దవాళ్లయినవారి దగ్గర నలిగిన పిస్టల్ అడగండి. చట్టం ప్రకారం అమ్మేవారు కలెక్టరుకో స్టేషన్ అధికారికో 45 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి, కొనేవారికి దానికి చెల్లే లైసెన్సు ఉండాలి. దిగుమతి షరతుల కింద వచ్చిన పిస్టల్ అయితే అమ్మడానికి అసలు అనుమతి ఉందో లేదో ముందే తేల్చుకోండి. పాత .22 బ్యారెల్ లక్ష గుండ్లకు కూడా బెదరదు. చూడవలసింది చాంబర్ అంచు మీద పిన్ను గంటు, మ్యాగజైన్ పెదవుల వంపు, ట్రిగ్గర్ జారుడు.

గ్రిప్ మాత్రం పాతది ఉంచుకోకండి. చెక్క గ్రిప్ మీ అరచేతి కొలతకు చెక్కించుకోండి. పిస్టల్ కంటే గ్రిప్పే ఎక్కువ పాయింట్లు తెస్తుంది.

ఇంకో తిక్క సలహా, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఐదు గుండ్ల పిస్టల్ కాకుండా ఒక్క గుండు పట్టే 50 మీటర్ల ఫ్రీ పిస్టల్ దొరికితే దాన్ని తీసుకోండి. 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు కనుక అది దండగని అంటారు. జీతూ రాయ్ 2014 ఆసియా క్రీడల స్వర్ణం దానితోనే గెలిచాడు. ఓంప్రకాశ్ మిథర్వాల్ 2018లో ప్రపంచ చాంపియన్ అయింది దానితోనే. పారాలింపిక్స్‌లో అది ఇంకా ఉంది. టోక్యోలో మనీశ్ నర్వాల్ స్వర్ణం, సింగ్‌రాజ్ అధానా రజతం ఆ పోటీవే. ఒక్కొక్క గుండు చేత్తో పెట్టి, మూసి, ఊపిరి నిలిపి కాల్చాలి. తొందరపడే వీలే ఉండదు. రెండేళ్లు దానితో కాల్చినవాడు ఆ తర్వాత ఐదు గుండ్ల పిస్టల్ పట్టుకుంటే, మూడు సెకన్లు మాత్రమే కనపడే టార్గెట్ ముందు కూడా కంగారు పడడు.

ఇంటికి తెచ్చాక

తోలు పెట్టెలో పెట్టకండి, తోలు తేమ పీలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు పడే ముసురులో రెండు వారాలకే తుప్పు చుక్కలు లేస్తాయి. నూనె బట్టతో తుడిచి, ఇనుప పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. కాల్చి వచ్చాక సబ్బుతో చేతులు, ముఖం కడగనిదే ప్రసాదం కూడా ముట్టుకోవద్దు. సీసం పొడి కడుపులోకి పోతే పిల్లలకు చాలా చేటు, ఆ బట్టలతో వాళ్లను ఎత్తుకోవద్దు. వారం పదిరోజులకోసారి బ్యారెల్ రుద్ది రుద్ది కడిగే అలవాటు మాత్రం వద్దు. .22 బ్యారెల్‌ను గుండు కంటే రాడ్డే ఎక్కువ పాడుచేస్తుంది.

గుండ్లు ఒకేసారి వేలల్లో కొనకండి. నాలుగైదు రకాలు ఒక్కో పెట్టె చొప్పున తెచ్చుకొని, బల్ల మీద ఇసుక సంచి ఆసరాతో 25 మీటర్ల దగ్గర ఒక్కో రకం 20 గుండ్లు కాల్చండి. ప్రతి గ్రూపునూ కొలిచి, ఇరుక్కుపోయినవెన్ని, పేలనివెన్ని నోటు పుస్తకంలో రాయండి. అన్నిటికంటే ఖరీదైనదే మీ పిస్టల్‌కు నచ్చాలని లేదు. నచ్చిన రకం దొరికాక పెట్టె మీది లాట్ నంబరు చూసి, అదే లాట్‌లో ఏడాదికి సరిపడా, లైసెన్సు అనుమతించినంత కొనండి. లాట్ మారిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.